ఇంటర్వ్యూలో ‘మీ విజయం చెప్పండి’ అంటే నోరు పెగలడం లేదు

పల్నాడు ప్రాంతం నుంచి ఒక ఇరవై ఆరేళ్ల యువతి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయవద్దన్నారు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. బీకాం అయ్యాక గుంటూరులో పైపులు, శానిటరీ సామాన్ల హోల్‌సేల్ షాపులో మూడేళ్లు అకౌంట్స్ చూశారు. తర్వాత అమ్మగారికి పక్షవాతం రావడంతో ఉద్యోగం మానేసి పద్నాలుగు నెలలు ఇంటి దగ్గరే ఉండిపోయారు. ఇప్పుడు ఆవిడ కర్ర సాయంతో నడుస్తున్నారు, తన పనులు తాను చేసుకుంటున్నారు. ఈ అమ్మాయి హైదరాబాద్‌లో కంపెనీల అకౌంట్స్ విభాగాల్లో ప్రయత్నం చేస్తున్నారు. మూడు ఇంటర్వ్యూలు అయ్యాయి. మూడూ ఒకే ప్రశ్న దగ్గర దెబ్బతిన్నాయి.

‘‘మీరు సాధించిన పెద్ద విజయం ఏమిటి అని మొదటిచోట అడిగారు. ఇంటర్‌లో 962 మార్కులు వచ్చాయని చెప్పాను. ‘ఆ తర్వాత?’ అన్నారు. నాకేమీ తట్టలేదు. రెండోసారికి నా ఫ్రెండ్ ఏదో వీడియో చూసి రాసిచ్చిన జవాబు బట్టీ పట్టాను. పదిమంది టీమ్‌ని నడిపించి ఖర్చు 20 శాతం తగ్గించానని. ‘ఏ ఖర్చు? దేనిలో 20 శాతం?’ అన్నారు. చెమటలు పట్టాయి. మూడోచోట నిజమే చెబుదామని అమ్మ సంగతి మొదలుపెట్టి మధ్యలో ఏడ్చేశాను. ఆ మేడమ్ మంచినీళ్లు ఇచ్చి పంపేశారు.

‘‘మా నాన్న చిన్నప్పటి నుంచీ ఒకటే చెబుతారు, మన పని మాట్లాడాలి గానీ మనం మాట్లాడకూడదని. నేను చేసిందంతా బిల్లులు ఎక్కించడమే. ఒకసారి మాత్రం పర్చేజ్ రిజిస్టరూ జీఎస్టీ 2బీ కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని ఎర్ర పెన్నుతో టిక్కులు కొడుతూ పోతే చాలా బిల్లులు 2బీలో లేవు. నన్నెవరూ చూడమనలేదు, ఆడిటర్ గారి ఆఫీసు వాళ్లు చూస్తున్నారని అందరం అనుకున్నాం. ఆరు నెలలు వెనక్కి వెళ్తే సరుకు అమ్మిన పార్టీలు పదకొండు తేలాయి. రెండు నెలలు ఫోన్లు చేసి తొమ్మిది మంది చేత సరిచేయించాను. నాలుగు లక్షల చిల్లర ఇన్‌పుట్ వచ్చింది. జీతం తీసుకుంటున్నాం, అది మన పనే కదా. దాన్ని విజయం అంటే నవ్వరా?’’

ఇంకో చిక్కు కూడా ఉంది. పద్నాలుగు నెలల ఖాళీని కప్పడానికి ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇప్పిస్తామని తెలిసినవాళ్లు ఒకరు ఇరవై ఐదు వేలు అడుగుతున్నారు. సంక్రాంతిలోపు ఉద్యోగం రాకపోతే సంబంధాలు చూస్తానని నాన్నగారు అంటున్నారు. వచ్చే నెల మళ్లీ ఇంటర్వ్యూ. ‘‘ఏం చెప్పాలో తెలియడం లేదు’’ అని ఉత్తరం ముగించారు.

సమాధానం:

మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడో పేజీలో ఆ ఎర్ర పెన్ను దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఆ పేరా రెండుసార్లు చదివాను. మీరు దాన్ని మధ్యలో ఎక్కడో పెట్టి, ‘మన పనే కదా’ అని తోసేసి, మళ్లీ మీ దిగులులోకి వెళ్లిపోయారు. మీకు తట్టని జవాబు మీ చేతిరాతలోనే ఉంది.

అకౌంట్స్‌తో సంబంధం లేని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. వ్యాపారి సరుకు కొన్నప్పుడు పన్ను కూడా కలిపి డబ్బు కడతాడు. తాను అమ్మినప్పుడు ప్రభుత్వానికి కట్టాల్సిన పన్నులోంచి దాన్ని మినహాయించుకోవచ్చు. అదే ఇన్‌పుట్. అయితే సరుకు అమ్మినవాడు తన రిటర్నులో ఆ బిల్లు చూపించాలి. చూపిస్తే ప్రతి నెలా 14న తయారయ్యే 2బీ అనే పట్టికలో అది కొన్నవాళ్లకు కనబడుతుంది. 2022 జనవరి నుంచి అలా కనబడని బిల్లుకు ఇన్‌పుట్ తీసుకోవడానికి లేదు. అంటే మీ ఓనరు గారు డబ్బు పూర్తిగా కట్టేసినా, అవతలివాడు రిటర్ను వేయకపోతే ఆ పన్ను మళ్లీ ఈయన జేబులోంచే పోతుంది. పోతున్నట్టు కూడా తెలియదు, ఎవరైనా కూర్చుని రెండు కాగితాలూ కలిపి చూస్తే తప్ప. మీరు చూశారు. చూడమని ఎవరూ చెప్పకుండానే చూశారు.

‘అది మన పనే కదా’ అన్నారు. మీకు అప్పగించింది బిల్లులు ఎక్కించడం. అవి 2బీలోకి వచ్చాయా లేదా అన్నది ఎవరి పనో మీ ఆఫీసులో ఎవరికీ స్పష్టంగా తెలియదు. ఆడిటర్ గారి వాళ్లు చూస్తున్నారని మీరు, మీ షాపువాళ్లే చూసుకుంటారని బహుశా వాళ్లు. అలా ఇద్దరి మధ్య పడిపోయిన పనిని మీరు ఎత్తుకున్నారు. మంచి ఉద్యోగిని గుర్తుపట్టేది సరిగ్గా అక్కడే. ఇది మిమ్మల్ని ఓదార్చడానికి అంటున్న మాట కాదు. పదిహేడేళ్లు అకౌంట్స్, స్టోర్స్ విభాగాలకు మనుషుల్ని తీసుకునే బల్లకు ఇవతల కూర్చున్నాను. ఆ ప్రశ్న నేనూ కొన్ని వందల మందిని అడిగి ఉంటాను.

మేం ఎందుకు అడుగుతామో చెబుతాను. మీరు గొప్పవాళ్లా కాదా అని తేల్చడానికి కాదు. ఒక చిక్కు ఎదురైతే మీరు ఏం చేసే మనిషో తెలుసుకోవాలి, దానికి మీరు ఇంతకుముందు ఏం చేశారో వినడం కంటే దగ్గరి దారి మాకు లేదు. అందుకే అంకె ఎంత పెద్దదన్నది అంత ముఖ్యం కాదు. ఒకసారి స్టోర్స్ ఉద్యోగానికి ఒక కుర్రాడు వచ్చాడు. విజయాలేమీ లేవండీ అన్నాడు. పాత ఉద్యోగం గురించి ఇంకేవో అడుగుతుంటే బయటపడింది. గేటు రిజిస్టర్లో బస్తాల లెక్కకూ గోడౌన్ లెక్కకూ రోజూ మూడు నాలుగు తేడా వస్తుంటే, అందరూ దొంగతనం అనుకుంటుంటే, ఇతను వారం రోజులు గేటు దగ్గర నిలబడి చూశాడు. చిరిగిన బస్తాలు బయట మళ్లీ నింపి తెచ్చినప్పుడు గేటు దగ్గర రెండోసారి లెక్కలో పడుతున్నాయి. అంతే సంగతి. ఒక హమాలీ మీద పడబోయిన నింద తప్పింది. అతన్ని తీసుకున్నాం. కానీ ఆ రోజు మాకు తీరిక ఉంది కాబట్టి తవ్వాం. రోజుకు ఇరవై మందిని చూసే చోట అలా తవ్వే ఓపిక ఎవరికీ ఉండదు. మీరే పైకి తీసి పెట్టాలి.

ఇక మీ నాన్నగారి మాట. దాన్ని వదులుకోమని నేను చెప్పను, అది మంచి మాట. గుంటూరులో మీ పని నిజంగానే మాట్లాడింది, ఎందుకంటే మీ ఓనరు గారు దాన్ని రోజూ కళ్లారా చూశారు. హైదరాబాద్‌లో మీ ఎదురుగా కూర్చున్న మనిషి ఆ షాపు చూడలేదు, ఆ ఎర్ర టిక్కులు చూడలేదు. అక్కడ మీ పని తరఫున మాట్లాడటానికి మీరు తప్ప ఇంకో సాక్షి లేరు. సాక్షి ఉన్నది ఉన్నట్టు చెబితే ఎవరూ గొప్పలు పోతున్నాడనరు. ఉత్తర కుమారుణ్ని మనం ఇప్పటికీ తలుచుకునేది చేయలేనిది చేస్తానని గొప్పలు చెప్పినందుకు. మీరు చేసింది చెప్పడానికి భయపడుతున్నారు. లెక్కలు చూసే మనిషి కదా మీరు, మిమ్మల్ని అడిగింది కూడా లెక్క చెప్పమనే అనుకోండి. ఏం చూశారు, ఏం చేశారు, ఎంత వచ్చింది, ఎంత రాలేదు.

చెప్పేటప్పుడు మన తెలుగువాళ్లకు ఒక అలవాటు అడ్డం వస్తుంది. మర్యాద కోసం ‘చేశాం’, ‘చూశాం’, ‘వేయించాం’ అంటాం. ఇంట్లో అది అందంగానే ఉంటుంది. ఇంటర్వ్యూలో ‘మేం చేశాం’ అంటే ఎవరు చేశారో అవతలివాళ్లకు తెలియదు. ఆరుగురు కలిసి చేసిన దాంట్లో మీరు పక్కన నిలబడ్డారేమో అనుకుంటారు. మీరు చేసిన దానికి ‘చేశాను’ అనండి. ఓనరు గారు నిర్ణయించిన దానికి ‘ఓనరు గారు ఒప్పుకున్నారు’ అనండి. ఆడిటర్ గారి ఆఫీసు సాయం చేసి ఉంటే వాళ్ల పేరు చెప్పండి. ఎవరిది వాళ్లకు ఇచ్చేస్తే ‘నేను’ అనడానికి మొహమాటం కూడా తగ్గుతుంది, ప్రయత్నించి చూడండి.

మీ ఉత్తరంలో ఉన్నవాటినే వరస మార్చి రాస్తున్నాను:

‘‘నేను పనిచేసిన షాపుకు రావలసిన ఇన్‌పుట్ ట్యాక్స్ సుమారు నాలుగు లక్షలు ఆగిపోయి ఉంటే దాన్ని రప్పించాను. నా పని కొనుగోలు బిల్లులు టాలీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడం. ఒక నెల వాటిని 2బీతో పోల్చి చూస్తే చాలా బిల్లులు అందులో లేవు. ఎవరూ అడగలేదు గానీ, వెనక్కి ఆరు నెలలు చూశాను. పదకొండు మంది సప్లయర్ల బిల్లులు తప్పిపోయినట్టు తేలింది. రెండు నెలల పాటు ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. తొమ్మిది మంది సరిచేశారు. ఇద్దరు చేయలేదు.’’

ఇది నింపాదిగా చెప్పినా నిమిషం పట్టదు. ముందు ఫలితం, ఆ తర్వాత కథ. కోచింగ్ సెంటర్లలో స్టార్ పద్ధతి అని పరిస్థితి, బాధ్యత, చేసిన పని, ఫలితం అనే వరస నేర్పుతారు. తప్పేమీ లేదు. కాకపోతే చాలామంది పరిస్థితి వర్ణించడంలోనే రెండు నిమిషాలు గడిపేసి, అసలు తాము చేసింది చెప్పేసరికి వినేవాళ్ల చూపు రెజ్యూమె మీదికి వెళ్లిపోతుంది. ఫలితం ముందే చెప్పేస్తే ఆ టెన్షన్ ఉండదు.

ఆ ‘ఇద్దరు చేయలేదు’ అన్న ముక్క తీసేయకండి. అది లేకపోతే మీ జవాబు మీ ఫ్రెండ్ రాసిచ్చిన 20 శాతం లాగే నున్నగా ఉంటుంది. అది ఉంటే వెంటనే ‘మరి ఆ ఇద్దరి సంగతి?’ అని అడుగుతారు. అలా అడిగితే సంతోషించండి, అక్కడి నుంచి మీరు మాత్రమే చెప్పగలిగిన విషయం మొదలవుతుంది. ఆ ఇద్దరి విషయం మీరు నాకు రాయలేదు. వాళ్ల తర్వాతి బిల్లుల్లో పన్ను మేరకు డబ్బు ఆపారా? సరుకు కొనడం మానేశారా? ఏమీ చేయలేకపోయారా? ఏదైతే అది చెప్పండి. అకౌంట్స్ తెలిసిన మేనేజరు అయితే ఇంకా లోపలికి వెళ్తారు. ఆ పదకొండు మందిలో మూడు నెలలకోసారి రిటర్ను వేసేవాళ్లు ఎందరు, అసలు వేయనివాళ్లు ఎందరు, వేసి కూడా మీ జీఎస్టీ నంబరు తప్పు కొట్టినవాళ్లు ఎందరు అని. మూడు నెలలవాళ్ల బిల్లులు కొన్నిసార్లు ఆలస్యంగా కనబడతాయి, అది వేరే సంగతి అని మీకు తెలుసు. ఈ వివరాలన్నీ గుర్తున్నంత వరకు ఈ వారంలోనే ఒక కాగితం మీద రాసుకోండి. గుర్తులేనివి గుర్తులేవనే చెప్పండి. సప్లయర్ల పేర్లు మాత్రం ఎవరు అడిగినా చెప్పకండి, మొత్తం కూడా ‘సుమారు’ అంటే చాలు. పాత యజమాని లెక్కలు మీరు బయటపెడితే కొత్త యజమాని భయపడతాడు.

ఇంటర్ మార్కుల గురించి ఎక్కువ చెప్పేది లేదు. కాలేజీ నుంచి నేరుగా వచ్చినవాళ్లకు ఆ జవాబు చెల్లుతుంది. మూడేళ్లు పనిచేసినవాళ్లు అది చెబితే, ఆ మూడేళ్లలో ఏమీ లేదన్నట్టు వినబడుతుంది.

అమ్మగారి విషయం అలా ఒక్క మాటలో తేల్చేది కాదు. మూడో ఇంటర్వ్యూలో ఏడ్చినందుకు సిగ్గుపడుతున్నానని రాశారు. సిగ్గుపడాల్సిన పని లేదు, ఆ పద్నాలుగు నెలలు గడిపిన ఎవరికైనా గొంతు పూడుకుపోతుంది. ఆ సేవ మీ జీవితంలో అన్నిటికంటే పెద్ద విజయమని మీరు అనుకుంటే నేను కాదనను. అయితే దాన్ని ఆ ప్రశ్నకు జవాబుగా పెడితే రెండు రకాలుగా జరగవచ్చు. మీరు నిబ్బరంగా చెప్పగలిగితే వినేవాళ్లు మిమ్మల్ని మర్చిపోరు. చెప్పలేకపోతే వాళ్లు మీ పని గురించి అడగడం మానేసి మీకు ధైర్యం చెప్పడం మొదలుపెడతారు, ఇంటర్వ్యూ అక్కడితో అయిపోతుంది. కొందరికి ‘మళ్లీ ఇంట్లో ఎవరికైనా బాగోకపోతే ఈ అమ్మాయి మానేస్తుందేమో’ అనే అనుమానం కూడా వస్తుంది. అది న్యాయం కాదు, కానీ ఉంది.

కాబట్టి ఆ పద్నాలుగు నెలలకు నేనైతే రెండు చోట్లు చూస్తాను. ఒకటి, గ్యాప్ ఎందుకు వచ్చిందని అడిగినప్పుడు: ‘అమ్మకు పక్షవాతం వచ్చింది, దగ్గరుండి చూసుకున్నాను. ఇప్పుడు ఆమె తన పనులు తాను చేసుకుంటున్నారు, నేను పూర్తిగా ఉద్యోగానికి సిద్ధంగా ఉన్నాను.’ అంతే. అక్కడ ఆగిపోండి, వివరణ ఇచ్చుకుంటూ పోవద్దు. రెండోది, ఆఫీసు పనులు కాకుండా వ్యక్తిగతంగా గర్వపడే విషయం చెప్పమంటే. మీ ఉత్తరంలో ఇంకోచోట, అమ్మగారి బీపీ పొద్దునా సాయంత్రం లాంగ్ నోట్‌బుక్‌లో రాసేదాన్నని, డాక్టరు గారు ప్రతిసారీ ముందు ఆ పుస్తకమే అడిగేవారని రాశారు. ఆ పుస్తకం గురించి చెప్పండి. గళ్లు ఎలా గీశారు, ఏ పూట మాత్ర ఏ గడిలో రాశారు, డాక్టరు గారు దాంట్లో ఏం చూసేవారు. అమ్మ పడ్డ బాధ చెప్పబోతే గొంతు వణుకుతుంది, చేతిలో పట్టుకున్న పుస్తకం గురించి చెబితే వణకదు. వినేవాళ్లకు బాధ ఎలాగూ అర్థమవుతుంది.

ఇరవై ఐదు వేల లెటర్ విషయంలో నా అభిప్రాయం దాచను. వద్దు. మీరు రెండో ఇంటర్వ్యూలో ఇరవై శాతం గురించి ఒక్క ప్రశ్నకే నిలవలేకపోయారు. ఆ లెటర్ తీసుకుంటే ఎప్పుడూ అడుగుపెట్టని ఆఫీసు గురించి, ఎరగని మేనేజరు గురించి అలాంటి ప్రశ్నలకు ఏళ్ల తరబడి సిద్ధంగా ఉండాలి. ఆఫర్ ఇచ్చాక కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయిస్తాయి. జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు, పీఎఫ్ ఖాతాలో ఎక్కడ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చేశారో చూస్తారు. ఇలాంటి లెటర్లు అమ్మే సంస్థల జాబితాలు చాలా కంపెనీల దగ్గర ఉంటాయి. చేరిన ఆరు నెలలకు బయటపడినా తీసేస్తారు, అప్పుడు నిజమైన మూడేళ్లను కూడా ఎవరూ నమ్మరు. దొంగ పత్రం చూపించడం నేరం కూడా. పద్నాలుగు నెలల ఖాళీ వల్ల ఒకటో రెండో కంపెనీలు వద్దనవచ్చు, జీతం మీరు అనుకున్న దానికంటే కాస్త తక్కువ చెప్పవచ్చు. ఆ నష్టం ఉందని ఒప్పుకుంటాను. అది భరించగలిగిన నష్టం.

ఇంగ్లీషు భయం గురించి కూడా రాశారు. ఈ లెక్కను ముందు తెలుగులో చెప్పండి, అదీ మీ నాన్నగారికి. సంక్రాంతి గడువు మాట పక్కన పెట్టి, ఒక సాయంత్రం కూర్చోబెట్టి, నేను గుంటూరులో ఈ పని చేశాను నాన్నా అని మొదటి నుంచి చివరిదాకా చెప్పండి. మూడేళ్లలో మీరు ఆయనకు ఇది చెప్పి ఉండరని నా అనుమానం. ఆయన కచ్చితంగా మధ్యలో ఆపుతారు. ‘వాళ్లెందుకు కట్టలేదమ్మా?’, ‘నువ్వు ఫోన్ చేస్తే విన్నారా?’ అని అడుగుతారు. హైదరాబాద్‌లో అడిగేవీ ఇవే. తెలుగులో తడబడకుండా వచ్చాక చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లోకి మార్చుకోండి. ఇన్‌పుట్, మిస్‌మ్యాచ్, రిటర్న్, సప్లయర్, ఫాలో అప్. ఈ పనికి కావలసిన మాటల్లో సగం మీరు రోజూ వాడినవే. బట్టీ మాత్రం పట్టకండి. ఒక మాట మర్చిపోతే జవాబు మొత్తం పోతుంది, మీకు ఒకసారి అనుభవమైంది. ఇది చెప్పాక సంబంధాల సంగతి ఆయన ఏమంటారో నేను చెప్పలేను. సంక్రాంతి గడువును ఇంకాస్త పొడిగించమని అడగాలనుకుంటే, చేతిలో ఏదో ఒక లెక్క పెట్టుకుని అడగడం మాత్రం తేలిక.

చివరిగా, మీ షాపులో ఇరవై మంది లేరు కాబట్టి పీఎఫ్ కట్టలేదని, అందువల్ల మూడేళ్ల అనుభవాన్ని ఎవరూ నమ్మరేమోనని రాశారు. చిన్న సంస్థల్లో అది మామూలే, అది మీ తప్పు కాదు. జీతం బ్యాంకులో పడేదన్నారు కదా, ఆ మూడేళ్ల స్టేట్‌మెంట్ తీసుకోండి. ఓనరు గారి దగ్గర లెటర్‌హెడ్ మీద, చేరిన తేదీ, మానేసిన తేదీ, చేసిన పనులు రాయించి సంతకం, స్టాంపు వేయించుకోండి. వీలైతే ‘2బీ సరిచూసి ఇన్‌పుట్ రాబట్టడం’ అన్న ముక్క కూడా అందులో చేర్చమని అడగండి. అర్ధాంతరంగా మానేసి వచ్చానని ఆయనకు ఫోన్ చేయడానికి మొహమాటపడుతున్నారు. చేయండి. అమ్మగారు నడుస్తున్నారని ముందు చెప్పండి. కాకపోతే పదో తారీఖుకు ముందో, ఇరవై దాటాకో చేయండి. ఆ మధ్య రోజుల్లో రిటర్నుల హడావుడి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.